ఎర్రర్లు సున్నా, శంఖాలు గల్లంతు

ముప్పై ఏళ్ల పైచిలుకు ఒక ప్రభుత్వ శాఖలో కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేశాను. శాఖ పేరు చెప్పను. చెబితే ఆ శాఖవాళ్లు బాధపడతారని కాదు, మిగతా శాఖలవాళ్లు తమ సంగతి కాదనుకుని సంతోషిస్తారని. కొన్నాళ్లు శ్రీకాకుళంలో, ఎక్కువకాలం విజయనగరంలో చేసి, ఏడాదిన్నర కిందట రిటైరయ్యాను. ఈ మధ్య మా సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవం నాలుగు ముక్కలు రాసివ్వండి, మాకు పనికొస్తుంది" అన్నారు.

ప్రమోషన్ల గురించి రాయను. అవి వచ్చిన ఆలస్యానికి అవే సిగ్గుపడాలి. మీటింగుల గురించీ రాయను, నిద్రలో జరిగినవి గుర్తుండవు. నేను చెడగొట్టిన పనుల గురించి రాస్తాను. వాటిలో రెండు నవ్వుకోవడానికి. మూడోదానికి నేనింకా నవ్వలేను.

కంప్యూటర్‌కి తెలుగు రాదు

కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకెకు ఏ అక్షరమో ఒక పట్టిక రాసిస్తే, అది చూసుకుని తెర మీద బొమ్మ గీస్తుంది. ఇప్పుడు ప్రపంచమంతటికీ ఒకటే పట్టిక, యూనికోడ్. మా రోజుల్లో ఫాంటు అమ్మేవాడికొక పట్టిక. ఒకడు 'క' పెట్టిన గదిలో ఇంకొకడు కొమ్ము పెట్టేవాడు. మా ఫైలు పక్క ఆఫీసులో తెరిస్తే అది తెలుగూ కాదు, ఇంగ్లిషూ కాదు, పూనకం వచ్చినవాడి మాట. అయినా పక్క ఆఫీసువాళ్లు 'పరిశీలించాం' అని రాసి తిప్పి పంపేవారు.

యూనికోడ్ వచ్చాక పాత ఫైళ్లన్నీ కొత్త పట్టికలోకి మార్చాలని ఆర్డరు వచ్చింది. మార్చే ప్రోగ్రాం నేనే రాశాను. పాత అంకె చూడడం, దానికి సరిపోయే కొత్త అంకె రాయడం. ఇందులో గొప్పేమీ లేదు. పట్టికలో లేని అంకె ఎదురైనప్పుడు ఏం చేస్తామన్న దగ్గరే ఉంది అసలు కథ. దానికి మూడు దారులున్నాయి. ఒకటి, అక్కడే ఆగిపోయి 'ఇది నాకు తెలియదు' అని అరవడం. రెండు, ఆ చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకుపోవడం. మూడు, దాన్ని మింగేసి ఏమీ ఎరగనట్టు మూతి తుడుచుకోవడం. మొదటిది నిజాయితీ, రెండోది లౌక్యం, మూడోది ఉద్యోగం.

వరసగా గేలాలు

మొదట్లో నేను రెండో దారి పట్టాను. పట్టిక సగం కూడా పూర్తికాకుండానే ధ్రువపత్రాలు అచ్చు వేయమన్నారు. వేశాం. కొన్నిటిలో పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు పడ్డాయి. కట్ట తీసుకెళ్లి మా పెద్దసారు బల్ల మీద పెడితే ఆయన ఫోన్ మాట్లాడుతూనే అన్నిటి మీదా సంతకాలు పెట్టేశాడు. మా పెద్దసారుకు సంతకం పెట్టే చోటు తప్ప కాగితంలో మిగతా భాగం కనిపించేది కాదు.

రెండు రోజులకి గరివిడి నుంచి ఒకాయన వచ్చాడు. అక్కడి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, భార్య పేరు మీద పత్రం తీసుకున్నాడు. కాగితం నా ముందు పరిచాడు.

"సారూ, మా ఆడదాని పేరు ఎట్టమంటే వరసగా గేలాలు ఎట్టీసినారేటి? సేపలు పట్టడానికేటి?"

ఆయన్ని తీసుకుని పెద్దసారు గదికి వెళ్లాను. సారు కాగితం అటూ ఇటూ తిప్పి, "కింద సంతకం బాగానే ఉంది కదయ్యా. పైన ఏముందో నన్నడిగితే ఎలా?" అన్నాడు. గరివిడి ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను.

ఆ సాయంత్రానికి సరిచేసి ఇచ్చేశాం. అప్పుడు పరువు పోయిందనుకున్నాను. ఇప్పుడు చూస్తే అది నా సర్వీసులో జరిగిన మంచి తప్పుల్లో ఒకటి. కనిపించింది కాబట్టే ఆ మనిషి తిరిగొచ్చి నిలదీశాడు.

రెండుసార్లు ఉడికిన అన్నం

మా ఆపరేటర్ రమణ మంచివాడు. ఒక్కసారి చెప్పిన పని రెండుసార్లు చేస్తాడు, అదొక్కటే జబ్బు. ఒక మండలం ఫైలు మార్చేసి, మార్చానో లేదో అనుమానం వచ్చి, మార్చిన ఫైలునే మళ్లీ మార్చాడు. ఉడికిన అన్నాన్ని మళ్లీ ఎసట్లో పోస్తే గంజయినా మిగులుతుంది. ఇక్కడ అదీ మిగల్లేదు.

"పాత ఫైలు తియ్యి రమణా" అన్నాను.

"తీసీసినాను సార్. డిస్కు నిండిపోతన్నాదని మొత్తం సెరిపీసినాను" అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

శ్రావణమాసమంతా ముగ్గురం కూర్చుని ఆ మండలాన్ని మళ్లీ టైపు చేశాం. ఆ నెల రమణను తిట్టని తిట్టు లేదు. ఆ తర్వాత మాత్రం ఏ ఫైలు మార్చినా అసలుది ఒక సీడీలో వేసి, నా ఇనప బీరువాలో పెట్టి తాళం నా జేబులో వేసుకునేవాణ్ణి. సెక్షన్‌లో నాకు 'పాత సామాన్ల కొట్టు' అని పేరు పెట్టారు. నేను ఏమీ అనుకోలేదు. ఆ కొట్టే తర్వాత ఒక మనిషి ఇంటిని కాపాడింది.

పెళ్లి కార్డుల సీజను

ఇక మూడోది. మా పాత ఫాంటు అసలు ప్రెస్సులవాళ్ల కోసం చేసింది. దాని చివరి గదుల్లో పెళ్లి కార్డులకు పనికొచ్చే బొమ్మలుండేవి. కలశం, దీపం, అరటి చెట్టు, శంఖం. ప్రభుత్వ రికార్డులో కలశంతో పనేముందని వాటిని నా పట్టికలో చేర్చలేదు. గరివిడి గేలాల తర్వాత ప్రోగ్రాంను మొదటి దారికి మార్చాను. తెలియని అంకె వస్తే ఆగిపోతుంది.

భోగాపురం అవతల తీరం వెంబడి పల్లెల కుటుంబాల ఫైలు ఎక్కించాను. ఆగిపోయింది. ఆగిన చోట పాత ఫాంటులో తెరిచి చూస్తే, ఒక గడిలో ఒక్క శంఖం, అంతే.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మా సెక్షన్‌లో ఒక ఆచారం ఉండేది. పెళ్లిళ్ల సీజను వచ్చిందంటే ఆఫీసు మిషన్ల మీద శుభలేఖలు తయారయ్యేవి. స్టాఫు పిల్లలవి, వాళ్ల మేనత్త పిల్లలవి, ప్యూను బావమరిదివి. నా పెళ్లి కార్డు కూడా ప్రభుత్వ కరెంటుతోనే తయారైంది, దాచడమెందుకు. ఎవరో కార్డు టైపు చేస్తూ పొరపాటున ఇక్కడో శంఖం జారవిడిచారనుకున్నాను. మళ్లీ నడిపాను. మళ్లీ ఆగింది, మళ్లీ శంఖమే. అలా మొత్తం నలభై ఒక్క చోట్ల ఆగింది.

నలభై ఒక్కసారీ చెయ్యి ఒకే గడిలో ఎలా జారుతుందని, బుద్ధున్నవాడికి అనుమానం రావాలి. నాకు రాలేదు. ఆ ఫైలు టైపు చేసిన సుగుణమ్మ గారు అప్పటికే రిటైరై ఆమదాలవలస వెళ్లిపోయారు. ఒక ఫోను చేస్తే సరిపోయేది. చెయ్యలేదు.

మధ్యాహ్నం మూడింటికి పైనుంచి వచ్చినవాళ్లతో పెద్దసారుకు మీటింగు. రెండున్నరకి నన్ను పిలిచాడు.

"ఎంతయింది?"

"తీరం ఫైలొక్కటే మిగిలింది సార్. నలభై ఒక్క ఎర్రర్లున్నాయి. ఒక్కొక్కటీ చూడాలి."

"చూడు, చూడకపో, నాకనవసరం. పక్క జిల్లావాళ్లు సున్నా చూపించారట. మనకీ సున్నా కావాలి."

సీటుకి వచ్చి ప్రోగ్రాంలో ఒక్క మాట మార్చాను. 'ఆగు' అని ఉన్నచోట 'వదిలెయ్' అని రాశాను. ఐదు నిమిషాల్లో ఫైలు మారిపోయింది. రిపోర్టులో ఎర్రర్లు సున్నా. సారుకు మెప్పు లేఖ వచ్చింది, సెక్షనంతా కోవా పంచారు. నేనూ రెండు బిళ్లలు తిన్నాను. అందరూ సారు ఒత్తిడి అనుకుంటారు. కాదు. సారుకు ప్రోగ్రాం రాయడం రాదు, ఆ మాట మార్చింది నేను.

"ఏ వూల్లో ఉన్నాడో సెప్పండి"

చాలా ఏళ్లు గడిచాయి. పెద్దసారు వెళ్లి కొత్తసారు వచ్చాడు. తీరంలో ఒక పల్లెను సముద్రం కోసుకుంటూ వచ్చి, ముందువరస ఇళ్లు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. వాళ్లకు లోపలి వైపు కొత్త కాలనీలో ఇళ్లిస్తున్నారు. జాబితా మా కంప్యూటర్లోంచే తీశారు. భార్యాభర్తలిద్దరూ వచ్చి వేలిముద్ర వేయాలి. నెలాఖరులోగా వేయకపోతే ఆ ఇల్లు జాబితాలో తర్వాతివాళ్లకు పోతుంది.

ఆ ముందువరస ఇళ్లలో ఒకదాని తాలూకు పోలమ్మ వరసగా మూడో సోమవారం మా కౌంటర్ దగ్గర నిలబడింది. యాభై దాటిన మనిషి, చేపల తట్ట మోసి మోసి మెడ కొంచెం ముందుకు వంగింది. నుదుట రూపాయంత బొట్టు. కౌంటర్‌లో రమణ, అప్పటికి జుట్టు నెరిసిన రమణ.

"మీ ఆయన్ని తీసుకురాకుండా ఎన్నిసార్లొస్తావమ్మా? ఎర్రయ్య వేలు పడితేగాని మిషను ముందుకెల్లదు."

"ఆడు రానేదని సెప్పినాను కదా బాబూ."

"రానేదంటే? ఈ వారం రానేదా, కోపమొచ్చి రానేదా? ఇందులో 'ఉన్నారు' అని ఉన్నాది. ఇదిగో సూడు."

పోలమ్మ కౌంటర్ కమ్మీలు పట్టుకుని లోపలికి తొంగిచూసింది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ తెరని చాలాసేపు చూసింది.

"నిజంగా ఉన్నాడనే ఉన్నాదా?"

"నేనెందుకు అబద్ధమాడతాను?"

"అయితే ఎవులో ఒకలు ఆణ్ణి సూసే రాసుంటారు కదా? ఎక్కడ సూసినారో కనుక్కోండి బాబూ. ఏ వూల్లో ఉన్నాడో సెప్పండి, నానే ఎల్లి తెచ్చుకుంటాను. పదమూడేళ్లయింది ఆడి పడవ ఎల్లి."

వెనక సీట్లో కూర్చున్న నేను లేచి కౌంటర్ దగ్గరికి వచ్చాను. ఆమె వెటకారం ఆడుతోందేమోనని మొహం చూశాను. వెటకారం కాదు. మా మిషన్ను నమ్మింది. పదమూడేళ్లుగా దేవుళ్లెవరూ చెప్పని మాట మా కంప్యూటర్ చెప్పిందని ఆశపడింది.

ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఇనప బీరువా తెరిచి తీరం ఫైలు సీడీ తీశాను. ఎర్రయ్య వరస. స్థితి అన్న గడిలో శంఖం. మిగతావీ చూశాను. నలభై ఒక్క శంఖాలూ ఆ ఒక్క గడిలోనే ఉన్నాయి, ప్రతిచోటా మగవాడి పేరు పక్కనే ఉన్నాయి. నా ప్రోగ్రాం శంఖాన్ని వదిలేస్తే గడి ఖాళీ అయింది. ఖాళీ గడి కనిపిస్తే 'ఉన్నారు' అని నింపమని కొత్త సాఫ్ట్‌వేర్‌లో రాసిపెట్టారు. ప్రభుత్వం లెక్కలో చావు నమోదయ్యేదాకా అందరూ బతికున్నట్టే.

"కొంచెం టైమివ్వమ్మా, కనుక్కుంటాను" అన్నాను.

"ఎన్నాళ్లు బాబూ? మొన్న అమాస పోటుకి వంటపాక పోయింది. గోడొకటి నిలబడున్నాది" అంది.

ఆమదాలవలసలో తిట్లు

మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కి ఆమదాలవలసలో దిగాను. సుగుణమ్మ గారి ఇల్లు స్టేషన్‌కి దగ్గరే. అరుగు మీద మినపప్పు ఎండబోస్తున్నారు.

"ఏటి తమ్ముడూ, ఇన్నేళ్లకి దారి తెలిసిందేటి?"

శంఖం అనగానే ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టారు.

"అప్పుడు ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చింది నానే కదా. ఫారంలో రెండే గడులు. ఉన్నారు, మరణించారు. సముద్రం మీద ఏటకెల్లి తిరిగి రానోళ్లని ఎక్కడ రాయమంటావు? సవం దొరక్కపోతే ఆ పల్లెల్లో పోనాడు అనరు. 'ఇంకా రానేదు' అంటారు. బొట్టు తియ్యరు, దినం సెయ్యరు. ఒకమ్మ ఇంట్లో 'మరణించారు' అని రాయబోతే నా సేతిలో కలం లాగీసుకుంది. పోనీ 'ఉన్నారు' అని రాస్తే మనకి మనం అబద్ధమాడుకోడం కదా. అందుకే శంఖం ఎట్టినాను. సముద్రంలోది, పూజలోనూ ఉంటాది, ఆళ్లకీ తప్పుగా అనిపించదు. శంఖమంటే ఇంకా రానేదని. అప్పటి సారుకి సెప్పినాను, సరే అన్నారు. నువ్వేటి సేసినావు?"

"పెళ్లి కార్డుదనుకున్నానండి."

సుగుణమ్మ గారు నన్ను ఎగాదిగా చూశారు.

"నలభై ఇళ్లలో ఆడోళ్లు గుమ్మంలో కూకుని ఎదురుసూస్తంటే నీకు పెళ్లి కార్డులు కనిపించినాయా? తుడిసీసినావా? ఒక్క ఫోను సెయ్యడానికి నీ సెయ్యి పడిపోనాదా?"

మినపప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. తిట్టడం అయ్యాక భోజనం పెట్టి పంపారు.

సున్నాని నలభై ఒకటి చేయడం

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు ఒక పేజీ రాసి కొత్తసారుకి ఇచ్చాను. తీరం ఫైలు మార్చిన రోజు ఎర్రర్లు సున్నా కాదు, నలభై ఒకటి. దాచింది నేను. మూడో స్థితిగా 'ఇంకా రాలేదు' అని చేర్చాలి, అలాంటి ఇళ్లకు భార్య వేలిముద్ర ఒక్కటీ సరిపోవాలి.

కొత్తసారు చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఏమండీ, రిటైర్మెంటు ముందు మీకిదేం సరదా? రికార్డులో సున్నా ఉంది. దాన్నిప్పుడు నలభై ఒకటి చేస్తే ఎవరి తల పోతుంది?"

"నాది సార్. కింద సంతకం పెట్టాను."

సారు సంతకం చూశాడు. నా పేరు, తేదీ, అన్నీ ఉన్నాయి. ఆయన మొహం తేటపడింది. తప్పు ఎవరిదో తేలిపోయాక ఆఫీసులో పని ఎంత వేగంగా జరుగుతుందో ఆరోజు చూశాను. ఆ సాయంత్రానికి అనుమతి వచ్చింది, మర్నాడు నేనూ రమణా కూర్చుని మూడో స్థితి చేర్చాం. రమణ ఎందుకైనా మంచిదని రెండుసార్లు సరిచూశాడు. ఈసారి తిట్టలేదు. వారానికి నాకొక మెమో కూడా వచ్చింది, 'ఇంతకాలం ఎందుకు చెప్పలేదు' అని. చెప్పనివాళ్లకి మెమోలు రావు, ఇది కూడా రాసుకోండి.

పోలమ్మకు ఈ సంగతి నేనే చెప్పాలి. ఇళ్ల పని సులువు, అయిపోయింది. అసలు కష్టం రెండో మాట.

"అమ్మా, మిషన్లో 'ఉన్నారు' అని ఎవరూ చూసి రాయలేదు. నావల్ల జరిగిన పొరపాటు. సుగుణమ్మ గారు సరిగ్గానే రాశారు, నేను చెరిపేశాను. మళ్లీ పెట్టాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే ఆణ్ణి ఎవులూ సూడనేదు."

"లేదమ్మా."

"పోనాడనీ ఎవులూ సెప్పనేదు కదా?"

"చెప్పలేదు. 'ఇంకా రాలేదు' అనే ఉంది."

"అదీ నిజమే" అని వేలు ముందుకు చాపింది. రమణ మిషన్ జరిపాడు. పచ్చదీపం వెలిగింది. కొత్త కాలనీలో మూడో వీధి, పదిహేడో ఇల్లు.

కాగితం మడిచి కొంగున ముడేసుకుని గుమ్మందాకా వెళ్లిన మనిషి వెనక్కొచ్చింది.

"బాబూ, ఆ పాత గోడ కూడా ఈ పోటుకో వచ్చే పోటుకో పడిపోతాది. ఆడొస్తే ఇల్లెక్కడని ఎతుకుతాడు? మీ మిషన్లో ఆడి పేరు పక్కన నా కొత్త ఇంటి నెంబరు రాసి ఎట్టండి. ఎవుల్నడిగినా సెప్తారు."

దానికి గడి లేదు. రిమార్కులన్న గడి ఒకటి ఉంటుంది, మా ఆఫీసులో ఎవరూ ఏమీ రాయనిది. అందులో రాశాను.

నేను దిగిపోయే వారంలో డేటా అంతా కొత్త సర్వర్లోకి మార్చారు. పట్టికలో లేనిది ఎదురైతే ఆగేలా పెట్టి, నడుస్తున్నంతసేపూ కదలకుండా కూర్చున్నాను. రెండుచోట్ల ఆగింది, రెండుచోట్లా లోపలికెళ్లి చూశాను. చివర్న ఎర్రయ్య వరస తెరిచాను. స్థితి: ఇంకా రాలేదు. రిమార్కులు: భార్య పోలమ్మ, కొత్త కాలనీ, మూడో వీధి, పదిహేడో ఇల్లు. అప్పుడు బీరువా తాళం ఇచ్చేసి వచ్చాను.

మీరూ ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఇంకో పట్టికలోకి మారుస్తారు. మీకూ మూడింటికి మీటింగుంటుంది, మీ సారుకీ సున్నా కావాలి. ఆ వరస దగ్గర ప్రోగ్రాం ఆగితే విసుక్కోకండి. ఎర్రయ్య వచ్చి అడిగితే ఇల్లెక్కడో చెప్పాల్సింది మీరే.